కొత్త మాటల సేకరణ – 3వ పాఠం: చీటీ రాయడం

పోయిన పాఠంలో "లైట్ తీసుకోవడం" అనే మాటను ఎంచుకున్నాం. పట్టించుకోకుండా వదిలేయడం అని దాని అర్థం. ఈ వారం దానికి సాక్ష్యాలు పోగుచేయాలి. మాట ముచ్చటగా ఉందా, మోటుగా ఉందా అని నిఘంటుకారులు చూడరు. ఎంతమంది, ఎన్నాళ్లుగా, ఒకే అర్థంతో వాడుతున్నారన్నదే చూస్తారు. "సెల్ఫీ" 2002లోనే ఆస్ట్రేలియాలో ఒకరి ఇంటర్నెట్ రాతలో కనిపించింది. ఆక్స్‌ఫర్డ్ ఆన్‌లైన్ నిఘంటువులో చేరింది మాత్రం 2013లో.

పోస్టుకార్డంత కాగితాలు ఇరవై కోసుకోండి. ఒక్కో చీటీలో ఒక్క వాడుకే రాయాలి. పైన మాట, దాని కింద వాక్యమంతా ఉన్నదున్నట్టు. తప్పులున్నా దిద్దకండి. అడుగున తేదీ, ఎక్కడ దొరికింది, ఏ ఊరివాళ్ల మాట. మనుషుల పేర్లూ ఫోన్ నంబర్లూ వద్దు. నమూనా ఇది:

లైట్ తీసుకోవడం
"వాడు ఎప్పుడూ అట్లే అంటాడు, లైట్ తీసుకోప్పా."
వాట్సాప్ గ్రూపు, ప్రొద్దుటూరు, (తేదీ)

వాక్యమంతా ఎందుకంటారా? కడప ఏడురోడ్ల దగ్గర కరెంటు సామాన్ల అంగట్లో "ఆ లైట్ తీసుకో" అంటే బల్బే. చుట్టూ ఉన్న మాటలు లేకపోతే ఏ లైటో మీ చీటీ చెప్పలేదు.

వెతికేటప్పుడు ఒక్క రూపంతో సరిపెట్టుకోకండి. తీసుకో, తీస్కో, తీసుకున్నాడు, తీసుకుంటాండారు, అన్నీ వెతకాలి. మనవాళ్లు తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లోనే ఎక్కువగా టైపు చేస్తారు, ఆ రాతలనూ చూడాలి. నూరు గ్రూపుల్లో తిరిగిన ఒకే ఫార్వర్డు నూరు సాక్ష్యాలు కాదు, ఒక్కటే. కొత్తగా చేసేవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

రాత మాత్రం విడివిడిగా, స్పష్టంగా ఉండాలి. 1931లో అమెరికాలోని వెబ్‌స్టర్ ఇంగ్లీషు నిఘంటువు కార్యాలయంలో, సాంద్రతకు సంక్షిప్తంగా పెద్ద "డి" గానీ చిన్న "డి" గానీ వాడతారని ఒక చీటీ రాశారు. "డి ఆర్ డి" (D or d, అంటే డి లేదా డి) అన్న ఆ మూడు ముక్కలనూ కలిపి చదివేసరికి "డార్డ్" (Dord) అనే లేని మాట పుట్టి, 1934 ముద్రణలో అచ్చయింది. 1939లో గానీ ఎవరి కంటా పడలేదు.

మాట నిజంగా కొత్తదేనా అని కూడా చూసుకోవాలి. కడప ఎర్రముక్కపల్లిలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రానికి వెళ్లి, 1852 నాటి బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు తిరగేయండి. 1820లో కడపకు వచ్చిన ఆ దొర, తెలుగులో కలిసిపోయిన పరభాషా మాటలకు 1854లో ప్రత్యేకంగా ఒక నిఘంటువే వేశాడు. కలగాపులగం భాష అని ఆయన విసుక్కుని ఉంటే, ఆనాటి జనం నోటి మాటలు ఎన్నో మనకు దక్కేవి కావు.

వచ్చే పాఠానికి ఇరవై చీటీలు, కనీసం ఐదు వేర్వేరు చోట్లనుంచి. అర్థం తేలనివి పారేయకుండా వేరే కట్ట కట్టండి. అర్థాలు విడదీసే పని ఆ కట్టతోనే మొదలుపెడతాం.