రక్తదాతల్లో మలేరియా పరీక్ష – 4వ పాఠం: థిక్ స్మియర్ దగ్గరే ఆగాం

కార్డు టెస్టు (చుక్క రక్తంతో నిమిషాల్లో చేసే మలేరియా కిట్ పరీక్ష) ఈసారి చెప్తానన్నాను గానీ, కిందటి పాఠం చూసి మీరు పంపిన స్లయిడ్ ఫోటోలు చూశాక ఆ మాట పక్కన పెట్టాను. చాలా థిక్ స్మియర్లు (స్లయిడ్ మీద మందంగా పరిచిన రక్తం) బెల్లం పాకంలా ముదురు గోధుమ రంగులో ఉన్నాయి. వాటిలో ఏముందో చెప్పడం ఎవరి తరమూ కాదు, అయినా కింద ‘నెగెటివ్’ అని రాసేశారు!

మైక్రోస్కోప్‌లో ఆయిల్ వేయడం, ఫోకస్ చేయడం మీకు వచ్చు, వదిలేస్తున్నా.

అసలు తప్పు మెథనాల్ దగ్గర జరుగుతోంది. థిన్‌ని (పల్చగా పరిచిన స్మియర్‌ని) మెథనాల్‌తో ఫిక్స్ చేయాలి, అంటే కణాలు పగలకుండా గాజుకి అతుక్కునేలా చేయాలి, థిక్‌ని ముట్టుకోకూడదు. ఎందుకంటే థిక్‌లో ఎర్ర కణాలు పొరలు పొరలుగా ఉంటాయి, జీమ్సా (స్మియర్‌కి వేసే రంగు) లోని నీళ్లకి అవి పగిలి హిమోగ్లోబిన్ కడుక్కుపోతేనే పరాన్నజీవి బయటపడుతుంది, ఫిక్స్ అయితే హిమోగ్లోబిన్ కదలదు. ఇది తెలిసినవాళ్లు కూడా ఒకే స్లయిడ్ మీద రెండూ వేసి, థిన్‌ని ముంచి తీసి తలకిందులుగా ఆరబెడుతున్నారు, మెథనాల్ మెల్లగా థిక్ మీదకి జారుతోంది. థిక్ వైపు పైకి ఉంచండి బాబూ. నన్నడిగితే ముంచడమే వద్దు, దూదితో థిన్ మీద అద్దితే చాలు. ఇంకొకటి, మెథనాల్ జోలికే పోకపోయినా గుంటూరు మే నెల ఎండలో కిటికీ పక్కన పెడితే వేడికే ఫిక్స్ అయిపోతుంది. నీడలో ఆరబెట్టండి, మూత పెట్టండి, లేదంటే ఈగలు నాకేస్తాయి.

మందం సంగతి: తడిగా ఉన్నప్పుడు కింద న్యూస్‌పేపర్ పెడితే అక్షరాలు కనాకష్టంగా కనబడాలి.

ఇంత తంటా ఎందుకంటే, జ్వరం లేని దాత రక్తంలో పరాన్నజీవులు బాగా తక్కువగా ఉండొచ్చు. మైక్రోలీటరుకి 100 లోపుంటే కార్డు చాలాసార్లు పట్టుకోలేదు. తీసిన రక్తం ఫ్రిజ్‌లో పెడితే చస్తాయిలే అనుకోకండి, 2–6 డిగ్రీల్లో వారం దాటినా బతుకుతాయి.

అందుకే స్లయిడ్ కంటే ముందు నోరు వాడాలి. విజయవాడ హాస్టళ్లలో ఉండి చదువుకునే పాడేరు, చింతూరు (మలేరియా ఎక్కువుండే ఏజెన్సీ ప్రాంతాలు) పిల్లలు రక్తదాన క్యాంపుకి వస్తే ‘మలేరియా వచ్చిందా’ అని అడిగితే లేదనే అంటారు. ‘సంక్రాంతికి ఊరెళ్లావా, వచ్చాక చలి జ్వరం వచ్చిందా, బిళ్లలు వేసుకున్నావా’ అని అడగండి. మలేరియా తగ్గాక 3 నెలలు రక్తం తీసుకోకూడదు.

అభ్యాసం: పది థిక్ స్మియర్లు తీసుకోండి, అందులో రెండు పాజిటివ్ ఉండాలి, ఏవో మీకు తెలియకుండా పక్కవాళ్ల చేత నంబర్లు వేయించండి. ప్రతిదీ వంద ఫీల్డులు (మైక్రోస్కోప్‌లో ఒక్కసారికి కనిపించే భాగం ఒక ఫీల్డు) చూడకుండా నెగెటివ్ రాయొద్దు. పాజిటివ్ అయితే మొదటి పరాన్నజీవి ఎన్నో ఫీల్డులో కనిపించిందో రాసి పంపండి. పది స్లయిడ్లూ పావుగంటలో అయిపోయాయని రాసినవాళ్లకి జవాబివ్వను.