పక్క గెలాక్సీలో నక్షత్రాల పుట్టుక ఎటు పాకిందో ఫొటోలో పట్టుకోవడం ఎలా

పొలంలో ఎండుగడ్డికి నిప్పంటుకున్నాక చూశారా? మధ్యలో బూడిద, అంచుల్లో మంట. నక్షత్రాలు పుట్టే ఎన్11 అనే నెబ్యులా (అంటే పెద్ద వాయు మేఘం) ఫొటోని కూడా అలాగే చదవాలి. ఇది పెద్ద మాగెల్లానిక్ మేఘం అనే గెలాక్సీలో ఉంది, దూరం సుమారు 1,60,000 కాంతి సంవత్సరాలు. మన దగ్గర దక్షిణాన దిగంతానికి ఆనుకుని ఉంటుంది కాబట్టి డాబా మీంచి చూద్దామంటే కష్టం, నెట్‌లో ఫొటో తెచ్చుకోండి. హబుల్‌వి చాలావరకు ఒక్కో ముక్కే చూపిస్తాయి, అందుకే నేల మీది టెలిస్కోప్ తీసిన పెద్ద ఫొటో వెతకండి.

ముందు ఏ రంగు ఏ వాయువుదో ఫొటో కింద రాసింది చదవండి. ఇది వదిలేస్తే మొత్తం తప్పుతుంది, ఎందుకంటే ఆ రంగులు చాలాసార్లు ఫొటో తయారుచేసినవాళ్లు వేసినవే. వేడెక్కిన హైడ్రోజన్ సాధారణంగా ఎర్రగా, 656 నానోమీటర్ల దగ్గర మెరుస్తుంది.

ఇప్పుడు మధ్యలో ఖాళీ వెతకండి. వాయువు పెద్దగా లేని ఆ చోట ఎల్‌హెచ్9 అనే నక్షత్రాల గుంపు ఉంది. అక్కడి బరువైన నక్షత్రాల అతినీలలోహిత కాంతి చుట్టూ ఉన్న హైడ్రోజన్‌ని దాదాపు 10,000 డిగ్రీలకు కాచింది, వాటి గాలులేమో (అంటే ఆ నక్షత్రాల నుంచి దూసుకొచ్చే కణాలు) వాయువుని బయటికి తోసేశాయి. ఆ తోపుడుకి చల్లటి వాయువు అంచున పోగై, చిక్కబడి, తన బరువుకి తనే కుంగితే కొత్త నక్షత్రాలు పుడతాయి. ఈ వరస పద్ధతిని 1977లో ఎల్మెగ్రీన్, లాడా అనే ఖగోళ శాస్త్రవేత్తలు వివరించారు.

తర్వాత ఉత్తరపు అంచుకి రండి. అక్కడ నెబ్యులా ఇంకా దట్టంగానే ఉంది, లోపల ఎల్‌హెచ్10 అనే ఇంకో గుంపు ఉంది, వయసులో ఎల్‌హెచ్9 కంటే చిన్నది, తేడా 20 లక్షల ఏళ్లకు అటూ ఇటూ. మనకి కావాల్సిన ఆధారం ఇదే.

అయితే తొందరపడొద్దు. పక్కపక్కన వయసులో పెద్దదీ చిన్నదీ కనిపించగానే దీనివల్లే అది పుట్టిందనేస్తారు చాలామంది, నాకది నచ్చదు. ఆ మేఘం ఎలాగూ కుంగేదేమో, గాలి కాస్త తొందరపెట్టిందేమో! చల్లటి వాయువు ఎక్కడుందో చూపించే కార్బన్ మోనాక్సైడ్ రేడియో మ్యాప్ దొరికితే దీని పక్కన పెట్టి చూడండి. చల్లటి వాయువు అంచునే పోగై ఉంటే పుట్టుక మధ్య నుంచి అంచుకి పాకిందన్న ఊహ కొంచెం బలపడుతుంది, అంతే.

చేయి తిరిగాక అదే గెలాక్సీలోని టరాంటులా నెబ్యులా చూడండి. అక్కడ ఆర్136 అనే నక్షత్రాల గుంపు వయసు 20 లక్షల ఏళ్లు కూడా ఉండకపోవచ్చు, పక్కనే ఉన్న హాడ్జ్ 301 అనే గుంపుకి 2 కోట్లు దాటాయి. పుట్టుక ఒకదాన్నుంచి ఇంకోదానికి పాకిందని ఆ రెంటినీ కలుపుతూ గీత గీయడం మాత్రం ఎన్11 అంత తేలిక కాదు.