67 మస్టాంగ్‌కి దాని కాలం కార్బురేటరే, లోపల మాత్రం కొత్త రబ్బరు

డల్లాస్‌లో కొన్న నా 1967 ఫోర్డ్ మస్టాంగ్ కారులో 289 (క్యూబిక్ అంగుళాల) ఇంజన్ అసలుదే, కానీ దాని మీద ఎవరో ఈ కాలపు కార్బురేటర్, అంటే గాలిలో పెట్రోల్ కలిపి ఇంజన్‌కి పంపే భాగం, బిగించేశారు. ఫ్యాక్టరీ నుంచి 225 హార్స్‌పవర్‌తో, ఆటోలైట్ 4100 కార్బురేటర్‌తో వచ్చిన బండి అది, నాకు అదే కావాలి. వెతికేవాళ్లు కార్బురేటర్‌కి ఉండే ఫోర్డ్ పార్ట్ నంబర్ చూడండి, సి7 అని మొదలైతే సి అంటే 1960లు, 7 అంటే 1967. కార్బురేటర్ బాడీ పక్కన గుండ్రంలో 1.08 అని (లోపలి గాలి గొంతు సైజు, అంగుళాల్లో) పోతలోనే ఉంటుంది.

అలాంటిదే స్వాప్ మీట్‌లో (పాత విడిభాగాల సంత) దొరికింది. బిగించాక ఐడిల్ (బండి ఆగి ఉన్నప్పుడు ఇంజన్ నడక) బ్రహ్మాండం, కానీ సిగ్నల్ దగ్గర పెడల్ తొక్కగానే ఒక్క క్షణం చచ్చినట్టు ఆగి అప్పుడు లేచేది, వెనక బండివాడు ఎక్కడ గుద్దుతాడోనని టెన్షన్. చాలామంది వెంటనే జెట్లు (పెట్రోల్ ఎంత వెళ్లాలో కొలిచే చిన్న రంధ్రాల ముక్కలు) మార్చేస్తారు. వద్దు, ముందు యాక్సిలరేటర్ పంప్ (పెడల్ తొక్కగానే అదనపు పెట్రోల్ చిమ్మేది) చూడండి. ఇంజన్ ఆపి, ఎయిర్ క్లీనర్ తీసి, చేత్తో థ్రాటిల్ (పెడల్ తొక్కితే తెరుచుకునే రేకు) తెరిస్తే రెండు సన్నటి పెట్రోల్ ధారలు టక్కున చిమ్మాలి. నాకు చుక్కలు రాలాయి, అంతే. ముందువైపు చిన్న మూత విప్పితే డయాఫ్రమ్ (ఆ పంప్‌లోని పల్చటి రబ్బరు పొర) పాత అప్పడంలా పెళుసెక్కి, అంచున చిట్లి ఉంది. పాత రబ్బరు ఇథనాల్‌ని (పెట్రోల్‌లో కలిపే ఆల్కహాల్) తట్టుకోదు, ఇక్కడ అమెరికాలో మామూలు పెట్రోల్‌లో 10 శాతం దాకా అదే.

ఇథనాల్‌కి ఆగే రబ్బరున్న కిట్ తెప్పించి, దారులన్నీ క్లీనర్‌తో కడిగి గాలి కొట్టి, డయాఫ్రమ్, గాస్కెట్లు, పవర్ వాల్వ్ (ఇంజన్‌పై భారం పడితే అదనపు పెట్రోల్ ఇచ్చేది) మార్చాను. ఇప్పుడు తొక్కితే తొక్కినట్టే వెళ్తోంది. కంటికి కనిపించేదంతా ఆ కాలానిదే ఉండాలని పట్టుబట్టేవాణ్ణే నేను, కానీ రబ్బరు విషయంలో ఆ పట్టుదల పనికిరాదు, పాతది చిట్లి పెట్రోల్ కారితే అగ్ని ప్రమాదం. ఫ్యూయల్ గొట్టాలు కూడా అప్పుడే మార్చేయండి.