బిగుసుకుపోయిన పాత కారు ఇంజన్‌ను విడిపించడం – మూడవ పాఠం: నానబెట్టడం, తొలి కదలిక

గత పాఠంలో బ్యాటరీ తీగలు విప్పి, ఫ్యాన్ బెల్టు తీసి, స్టార్టర్ మోటారును దించి, గేరును న్యూట్రల్‌లో ఉంచి క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) చివరనున్న పుల్లీ నట్టుకు పానా వేసి చూశాము. ఇవన్నీ తీసిన తరువాత కూడా క్రాంకు కదలకపోతేనే ఇంజన్ లోపల పట్టేసిందని నిర్ధారణకు రావాలి. స్టార్టర్ పళ్ళు క్రాంకు వెనుక చివరనున్న ఫ్లైవీల్ చక్రం పళ్ళలో ఇరుక్కున్నా అచ్చం ఇలాగే ఉంటుంది కాబట్టి, ఆ పరీక్ష చేయనివారు ముందు అది ముగించుకుని ఈ పాఠానికి రావాలని కోరుతున్నాను.

మనం ఉదాహరణగా తీసుకున్న బండి మారేడ్‌పల్లిలో ఒక మిత్రుని ఇంటి రేకుల షెడ్డులో ఏళ్ళ తరబడి నిలిచిపోయిన అంబాసిడర్ మార్క్ 2. దానిది 1489 సీసీ, నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజన్. పని మొదలుపెట్టే ముందు ఆ ఇంటి పెద్దావిడను ఒక్కటే అడిగాను, బండి నడుస్తూ ఆగిపోయిందా, బాగా నడిచే షెడ్డుకు చేరిందా అని. "ఆయన ఆ రోజు బోయిన్‌పల్లి వెళ్ళి వచ్చి షెడ్డులో పెట్టారు బాబూ, దారిలో ఎక్కడా ఆగలేదు" అన్నారామె. ఈ సమాధానం చాలా విలువైనది. నడుస్తూ నడుస్తూ ఆయిలు లేకనో, నీళ్ళు మరిగిపోయో పట్టేసిన ఇంజన్‌లో పిస్టన్ లోహమే కరిగి బోరుకు, అంటే సిలిండర్ లోపలి గోడకు, అంటుకుని ఉంటుంది, దానికి నానబెట్టడం వల్ల ప్రయోజనం లేదు, విప్పవలసిందే. నిలిచి ఉండి పట్టేసిన ఇంజన్‌లో అడ్డం తుప్పు మాత్రమే. ఆగిన ఇంజన్‌లో ఏదో ఒక సిలిండర్ వాల్వు తెరిచే ఉంటుంది. వానాకాలపు తడిగాలి అందులోంచి లోపలికి దిగి, పిస్టన్ చుట్టూ ఉండే రింగులు ఆగిన చోట బోరు చుట్టూ సన్నని తుప్పు కట్టు కడుతుంది.

ప్లగ్గులు నాలుగూ విప్పి, ఫోనుకు తగిలించే చిన్న కెమెరాను రంధ్రాల్లోకి దించి చూడండి. మా బండిలో మిగతా మూడు సిలిండర్లు మసిబారి పొడిగా కనిపించగా, మూడవ నంబరు సిలిండర్‌లో మాత్రం పిస్టన్ అంచున ఇటుకపొడి రంగులో ఒక వలయం కనిపించింది. రోగం ఉన్నది అక్కడే.

ఇక ద్రవం సంగతి. ఆటోమేటిక్ గేర్‌బాక్సులలో వాడే ఏటీఎఫ్ నూనెను, అసిటోన్‌ను సమపాళ్ళలో కలపడం చాలామంది చెప్పే పద్ధతి. రెండూ మన రాణీగంజ్ దుకాణాల్లో దొరుకుతాయి. అసిటోన్ నూనెను పలుచన చేసి ఇరుకు సందుల్లోకి చొప్పిస్తుంది. అయితే అది క్షణాల్లో ఆవిరయ్యేది, ఇట్టే అంటుకునేది, రంగును కూడా లేపేస్తుంది. హైదరాబాదు ఎండాకాలంలో, తలుపు మూసిన షెడ్డులో దాన్ని వాడడం నాకు సమ్మతం కాదు. ఏటీఎఫ్‌లో సమానంగా డీజిల్ కలిపి వాడితే పని నెమ్మదిగా సాగుతుంది గానీ ద్రవం రోజుల తరబడి నిలిచి తన పని తాను చేస్తుంది. ఒక్కొక్క సిలిండర్‌లో సిరంజితో 30 మిల్లీలీటర్లు పోసి, ప్లగ్గులను చేతితో మాత్రమే బిగించి వదిలేయండి. రోజూ ఉదయం చూసి, తగ్గిన మేరకు మళ్ళీ పోయండి. రింగులు దాటిన ద్రవం కింద ఆయిలులో కలుస్తుంది కనుక, ఇంజన్ స్టార్ట్ చేసే ముందు ఆ ఆయిలు మొత్తం మార్చాలి.

ఇంజన్‌ను వేడి చేస్తే పిస్టన్ వదులవుతుందని కొందరు అనుకుంటారు. పిస్టన్ అల్యూమినియం, బ్లాకు పోత ఇనుము. వేడికి అల్యూమినియం ఇనుముకు దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది కాబట్టి వేడిలో పిస్టన్ మరింత బిగుస్తుంది. మేలు చేసేది వేడి చల్లదనాల మార్పు. పగటికీ రాత్రికీ పదిహేను డిగ్రీల తేడా ఉంటే 73 మిల్లీమీటర్ల ఈ బోరులో పిస్టన్ సందు మిల్లీమీటరులో నూరవ వంతుకు కాస్త పైన మారుతుంది. ప్రతి రాత్రీ ఆ సందు తెరుచుకున్నప్పుడు ద్రవం మరి కాస్త లోపలికి దిగుతుంది. తొందరపడవద్దని నేను చెప్పడానికి కారణం ఇదే.

ఈలోగా ఇంజన్ పైనున్న రాకర్ కవరు తీసి వాల్వు కాడలకు కూడా నూనె పట్టించి, వాల్వు సందును సరిచేసే టాపెట్ స్క్రూలను పూర్తిగా వదులు చేయండి. తెరిచి ఇరుక్కున్న వాల్వు ఉండగా క్రాంకు తిప్పితే వాల్వును కదిలించే కడ్డీ, పుష్‌రాడ్, వంగుతుంది. రాకర్ షాఫ్టు జోలికి మాత్రం పోకండి, ఈ ఇంజన్‌లో దాన్ని పట్టి ఉంచే నట్లలో కొన్ని సిలిండర్ల మీది మూత అయిన హెడ్డును కూడా బిగించి ఉంచేవే.

వారం తరువాత తిప్పి చూడవచ్చు. ముందుగా సిరంజితో మిగిలిన ద్రవాన్ని లాగేసి, ప్లగ్గులు బయటే ఉంచి, రంధ్రాల మీద గుడ్డ కప్పండి, కళ్ళద్దాలు పెట్టుకోండి. పుల్లీ మీద సుద్దముక్కతో ఒక గీత గీసి, దానికి ఎదురుగా కదలని చోట గుర్తుగా ఒక తీగముక్క కట్టండి. అడుగు పొడవున్న పానాతో, చేతి బలంతో మాత్రమే నొక్కండి. పానాకు పైపు తొడగకూడదు.

మా బండిలో తొమ్మిదవ రోజు ఉదయం ఆ గీత అగ్గిపుల్ల మందమంత జరిగింది. చప్పుడేమీ లేదు, పానా చేతిలో కాస్త మెత్తబడినట్టు తోచింది, అంతే. ఆ క్షణంలో ఇంకాస్త నొక్కాలని ఎవరికైనా అనిపిస్తుంది. నొక్కకండి. తుప్పు కట్టు మీదుగా రింగును బలవంతంగా ఈడిస్తే రింగైనా విరుగుతుంది, పిస్టన్ గాడి అంచైనా తెగుతుంది. వెనక్కి తిప్పాలి. అయితే పుల్లీ నట్టును వెనక్కి తిప్పితే అదే ఊడివస్తుంది కాబట్టి, స్టార్టర్ తీసిన రంధ్రం గుండా ఫ్లైవీల్ పళ్ళకు కడ్డీ ఆనించి వెనక్కి నెట్టండి. మళ్ళీ ద్రవం పోసి, ముందుకు, వెనక్కి, ప్రతిసారీ కొంచెం ఎక్కువగా కదిలించండి. మాకు పూర్తి చుట్టు తిరగడానికి ఇంకో నాలుగు రోజులు పట్టింది.

బండిని టాప్ గేరులో పెట్టి ముందుకూ వెనక్కూ ఊపడం కూడా మంచి పద్ధతే. మొదటి గేరులో చక్రాలే బిగుసుకుపోతాయి గానీ క్రాంకుకు బలం అందదు. కానీ ఊపేది ఇద్దరు మనుషులే కావాలి. నాకు తెలిసిన ఒక వర్క్‌షాపులో ఇలాంటి బండినే గేరులో ఉంచి జీపుకు తాడు కట్టి లాగించారు. పిస్టన్‌ను క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్ వంగింది, బోరు నిలువునా గీరుకుపోయింది. తరువాత వాళ్ళిచ్చిన సలహా, అది తీసేసి డీజిల్ ఇంజన్ పెట్టించుకొమ్మని. 2021లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలకు చేసిన సవరణ ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్ళు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న బండినే వింటేజ్ వాహనంగా నమోదు చేస్తారు. తాడు కట్టిన ఆ పది నిమిషాల్లో ఆ యజమాని పోగొట్టుకున్నది ఇంజన్ ఒక్కటే కాదు, ఇంజన్ మారిస్తే ఆ వింటేజ్ అర్హత కూడా.

మూడు వారాలు నానబెట్టినా గీత జరగకపోతే హెడ్డు దించవలసిందే. అది నాలుగవ పాఠం. దానికోసం కొత్త హెడ్ గ్యాస్కెట్, టార్క్ రెంచి, సిలిండర్‌లో పట్టేంత గుండ్రని టేకు కర్రముక్క సిద్ధం చేసుకోండి. పిస్టన్ తలమీద ఇనుప సుత్తి నేరుగా తగలనివ్వకుండా ఉండడానికే ఆ కర్ర.