పోత ఇనుప పెనాల తుప్పు వదిలించే ఎలక్ట్రాలిసిస్ తొట్టిని ఎలా చూసుకోవాలి?

సోడా నీళ్లలో కరెంటు పంపి తుప్పు వదిలించే ఈ తొట్టి పెట్టిన కొత్తలో అందరికీ బాగానే పనిచేస్తుంది. రాత్రి వేసిన తుప్పు పెనం తెల్లారేసరికి నల్లగా తేలి వస్తుంది. కొన్నాళ్లకు అదే తొట్టిలో రెండు రోజులు ఉంచినా తుప్పు తుప్పులాగే ఉంటుంది. అప్పుడు చాలామంది ఇంకో గుప్పెడు సోడా వేస్తారు. మొదట్లో నేనూ అదే చేశాను. కానీ తొట్టి నెమ్మదించడానికి చాలాసార్లు కారణం నీళ్లు కాదు, పాజిటివ్ వైపు వేలాడే ఇనుప రేకు. దాన్ని పట్టించుకుంటే తొట్టి ఏళ్ల తరబడి నడుస్తుంది.

ముందు తొట్టి సరిగ్గా ఉందో లేదో ఒకసారి చూసుకోండి. ప్లాస్టిక్ తొట్టి, ప్రతి 4 లీటర్ల నీళ్లకు ఒక టేబుల్ స్పూన్ వాషింగ్ సోడా, 12 వోల్టుల బ్యాటరీ చార్జర్ ఉంటే చాలు. చార్జర్ పాతరకం, చేత్తో ఆన్ చేసేదైతే మంచిది. కొత్తరకం స్మార్ట్ చార్జర్లు చాలావరకు ఎదురుగా బ్యాటరీ కనబడకపోతే కరెంటు ఇవ్వవు. నల్ల క్లిప్పు, అంటే నెగెటివ్, పెనానికి. ఎర్ర క్లిప్పు, అంటే పాజిటివ్, పారేసే ఇనుప రేకుకి. ఇది తారుమారైతే తుప్పు పోవడం అటుంచి పెనమే కరిగిపోతుంది. ఎన్నేళ్ల అనుభవం ఉన్నా స్విచ్ వేసే ముందు ప్రతిసారీ క్లిప్పుల రంగు చూసుకోవాల్సిందే.

తొట్టిలోకి రానివ్వకూడనివి కొన్ని ఉన్నాయి. ఉప్పు వేస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీల్‌ను పాజిటివ్ వైపు పెడితే అందులోని క్రోమియం విషపూరితమైన రూపంలో నీళ్లలోకి దిగుతుంది. అది అరగదు, శుభ్రంగా ఉంటుంది అని ఎవరు చెప్పినా వినకండి. జింకు పూత ఉన్న రేకులు వద్దు. అల్యూమినియం పాత్రలనైతే సోడా నీళ్లే తినేస్తాయి. సీసం కరిగించడానికి వాడిన పాత పాత్రలను ఇందులో వేయకూడదు, వంటకూ వాడకూడదు.

గాలి సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. పెనం చుట్టూ పైకి లేచే సన్నని బుడగలు హైడ్రోజన్. 5 ఆంపియర్ల కరెంటు 10 గంటలు నడిస్తే సుమారు 22 లీటర్ల హైడ్రోజన్ తయారవుతుంది. గాలిలో అది 4 శాతం చేరితే నిప్పురవ్వ చాలు అంటుకోవడానికి. అందుకే తొట్టి ఆరుబయటో, గాలి ధారాళంగా ఆడే చోటో ఉండాలి. మూత బిగించకూడదు. క్లిప్పు తీసేటప్పుడు రవ్వ లేస్తుంది కాబట్టి ముందు చార్జర్ ఆపి, ఆ తర్వాతే దేన్నైనా ముట్టుకోవాలి. చేతికి రబ్బరు తొడుగులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి.

ఇక అసలు పని, రేకు. తొట్టి ఆపి దాన్ని బయటికి తీస్తే, పెనం వైపు తిరిగి ఉన్న ముఖం మీద నల్లటి, నారింజ రంగు మడ్డి వేలి మందాన పేరుకుని ఉంటుంది. గోరుతో గీస్తే తడి మట్టిలా పెచ్చులుగా ఊడుతుంది. దాని కింద గరుకుగా, గుంటలు పడిన ఇనుము కనిపిస్తుంది. కరెంటుకు ఆ మడ్డి గోడలా అడ్డుపడుతుంది. పాత గరిటెతో గీకి, వైర్ బ్రష్‌తో రుద్ది, నీళ్లతో కడిగి మళ్లీ వేలాడదీయండి. నేనైతే ప్రతి పెనం తీశాక ఒకసారి గీకుతాను. బాగా తుప్పు పట్టినదైతే మధ్యలో ఇంకోసారి. రేకు చిల్లులు పడే దశకు వస్తే మార్చేయండి, అరగడం దాని పనే. ఎర్ర క్లిప్పు మాత్రం ఎప్పుడూ నీళ్ల పైనే ఉండాలి. మునిగితే రేకుతో పాటు అదీ కరిగిపోతుంది.

రేకుకు ఎదురుగా ఉన్న వైపే తుప్పు త్వరగా వదులుతుంది. ఒకే రేకు ఉంటే కొన్ని గంటలకోసారి పెనాన్ని తిప్పాలి. నాలుగు వైపులా రేకులు వేలాడదీసి, అన్నింటినీ తీగతో కలిపితే ఆ బాధ ఉండదు. రేకు పెనానికి తగిలితే షార్ట్ అవుతుంది. మధ్యలో జానెడు దూరం ఉంచండి.

తొట్టి నాడి చూడాలంటే చార్జర్ మీది ఆంపియర్ ముల్లు చూడాలి. మామూలు పెనానికి నా తొట్టిలో 4, 5 ఆంపియర్లు వస్తాయి. ఒకసారి ముల్లు సున్నా దగ్గరే ఆగిపోయింది. రేకు శుభ్రంగానే ఉంది, సోడా సరిపడా ఉంది. చివరికి చూస్తే నల్ల క్లిప్పు పళ్లు పెనం పిడి మీది మాడును కరిచి పట్టుకున్నాయి, ఇనుముకు తగలనే లేదు. పిడి చివర రూపాయి బిళ్లంత మేర ఇనుము మెరిసేదాకా ఎమెరీ పేపర్‌తో రుద్దాను, క్లిప్పు పెట్టగానే బుడగలు లేచాయి. ముల్లు మరీ పైకి పోయి చార్జర్ వేడెక్కుతుంటే రేకును దూరం జరపండి, లేదా ఒక రేకు తీసేయండి.

నీళ్లు ఎర్రగా, బురదగా మారితే కంగారు పడక్కర్లేదు, రంగు మారినా పనికి లోటు లేదు. మట్టం తగ్గితే మామూలు నీళ్లు మాత్రమే కలపండి. తగ్గేది ఎక్కువగా ఆవిరైపోయే నీరే. 5 ఆంపియర్లతో 10 గంటలు నడిపినా కరెంటు విడగొట్టే నీరు దాదాపు 17 గ్రాములే. సోడా ఎక్కడికీ పోదు. పెనం తీసినప్పుడు అంటుకుపోయిన నీళ్లతో కొంచెం పోతుంది, అంతే. అడుగున మడ్డి పెనాన్ని తాకేంతగా పేరుకుంటే ఒక రోజంతా కదపకుండా ఉంచి, పైన తేరుకున్న నీళ్లను వేరే బకెట్‌లోకి వంచి, మడ్డి తోడేసి, అవే నీళ్లు తిరిగి పోసుకోవచ్చు.

పెనం తీసే ముందు పైన తేలే జిడ్డు నురగను తప్పకుండా తోడేయండి. లేకపోతే పైకి లాగేటప్పుడు అదంతా మళ్లీ పెనానికే పట్టుకుంటుంది. తీసిన వెంటనే పారే నీళ్ల కింద స్టీల్ పీచుతో తోమితే నల్లటి పొర మసిలా కరిగిపోతుంది. తడి ఇనుము కొన్ని నిమిషాల్లోనే మళ్లీ తుప్పు పడుతుంది. కాబట్టి గుడ్డతో తుడిచి, వెంటనే పొయ్యి మీద పెట్టి ఆరనిచ్చి, పలచగా నూనె రాయాలి.

పెనం వేడెక్కుతున్న ఆ కొన్ని నిమిషాల్లోనే నేను రేకు గీకేస్తాను. తడిగా ఉన్నప్పుడు మడ్డి రెండు గీతలకే ఊడుతుంది. ఎండితే రాయిలా పట్టేస్తుంది.