రెండు ఈసీయూలు, ఒక చెక్ ఇంజిన్ లైటు: నా అనుభవం

నాది ట్రాక్‌కి మాత్రమే వాడే పాత నాలుగు సిలిండర్ల కారు. టర్బో పెట్టాక ఇంజెక్టర్లు (ఇంజిన్‌లోకి పెట్రోల్ చిమ్మేవి) మార్చి, వాటిని బయట కొన్న కంట్రోలర్‌కి ఇచ్చేశాను, కానీ ఆల్టర్నేటర్ చార్జింగూ ఏసీ రెండూ ఫ్యాక్టరీ ఈసీయూ (కారుతో వచ్చిన ఇంజిన్ కంప్యూటర్) చేతిలోనే ఉన్నాయి కాబట్టి దాన్ని పీకేయలేను. స్టార్ట్ చేయగానే పీ0201 నుంచి పీ0204 దాకా నాలుగు ఎర్రర్ కోడ్‌లూ, ఒక్కో సిలిండర్ ఇంజెక్టర్ సర్క్యూట్‌కి ఒకటి చొప్పున, వరసగా వచ్చాయి. ఫ్యాక్టరీ ఈసీయూ దృష్టిలో ఇంజెక్టర్లు మాయమైపోయాయి మరి!

ఈసీయూని నమ్మించడానికి దాని వైర్లకి ఇంజెక్టర్ బదులు రెసిస్టర్ పెడితే చాలన్నారు. ఇంట్లో పడున్న పావు వాట్ 100 ఓమ్‌లవి పెట్టాను, పది నిమిషాల్లో డ్యాష్ కింద కాలిన వాసన. 14 వోల్టుల దగ్గర దాదాపు 2 వాట్లు పడతాయని లెక్క వేసుకోకపోవడం నా తప్పే. 10 వాట్లవి అల్యూమినియం పట్టీకి బిగిస్తే వేడి సమస్య పోయింది, కోడ్‌లు మాత్రం పోలేదు. నా ఈసీయూ కరెంట్ ఒక్కటే చూడట్లేదు, ఇంజెక్టర్‌ని ఆపిన క్షణంలో దాని కాయిల్ నుంచి ఎగిసే వోల్టేజ్ కోసం కూడా చూస్తోంది, అది రెసిస్టర్ దగ్గర రాదు కదా.

చివరికి తీసి పక్కన పడేసిన పాత ఇంజెక్టర్లనే ఆ వైర్లకి కలిపి గ్లవ్ బాక్స్ వెనక కట్టేశాను. లోపల టికటికమని కొట్టుకుంటుంటాయి, ఫ్రెండ్స్ ఏంట్రా ఆ గడియారం అంటారు.

ఇక పీ0171 మిగిలింది, అంటే ఇంధనం తక్కువ, గాలి ఎక్కువ అనే కోడ్. కొత్త కంట్రోలర్‌ని ఐడిల్‌లో గాలి-పెట్రోల్ నిష్పత్తి 14.7 చుట్టూ ఊగేలా పెట్టి, వైడ్‌బ్యాండ్ (ఆ నిష్పత్తిని కొలిచే ఆక్సిజన్ సెన్సర్) నుంచి 0–1 వోల్ట్ సిగ్నల్ ఫ్యాక్టరీ ఈసీయూకి ఇచ్చాను. పాత ఆక్సిజన్ సెన్సర్ హీటర్ వైర్లు మాత్రం కదపలేదు, పీకితే హీటర్ సర్క్యూట్ కోడ్ పీ0135 వచ్చి కూర్చుంటుంది.