విండోస్ 10ని మార్చాలా, ఉంచాలా?

గుంటూరు అరండల్‌పేటలో నాది చిన్న డీటీపీ షాపు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. కంప్యూటరేమీ ఆగిపోదు, విడిగా నమోదు చేసుకోకపోతే సెక్యూరిటీ అప్‌డేట్లే రావు.

మీ కంప్యూటర్ విండోస్ 11కి పనికొస్తుందో లేదో చెప్పే మైక్రోసాఫ్ట్ వారి పీసీ హెల్త్ చెక్ అనే ప్రోగ్రామ్ ముందు నడిపి చూడండి. 11కి కనీసం 4 జీబీ ర్యామ్ చాలంటారు గానీ, 8 లేకపోతే నత్తనడకే. టీపీఎం 2.0 (11 అడిగే సెక్యూరిటీ చిప్) లేదంటే కంగారు పడొద్దు, ఒక్కోసారి బయోస్‌లో, అంటే కంప్యూటర్ ఆన్ అవగానే తెరుచుకునే సెట్టింగుల్లో, ఆఫ్ చేసి ఉంటుంది. ఇంటెల్ ప్రాసెసర్ ఎనిమిదో తరం కంటే పాతదైతే మాత్రం దాదాపు ఆశ వదులుకోవడమే.

అసలు తేల్చాల్సింది మీ రోజువారీ పని సంగతి. నేను తొందరపడి మార్చేస్తే, పాత తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ మొరాయించింది. సరిగ్గా పెళ్లిళ్ల సీజన్‌లో, శుభలేఖ మీద ‘శ్రీరస్తు’ ఉండాల్సిన చోట ఖాళీ గళ్లు! బ్యాకప్ ఉంది కాబట్టి బతికిపోయాను. ఇప్పుడు బ్యాంకు, మెయిల్ పనులు 11 ఉన్న ల్యాప్‌టాప్‌లో. శుభలేఖలు పాత సిస్టమ్‌లో, నెట్ కేబుల్ పీకేసి.